మానివేతలో ఫస్టు ర్యాంకు

మా కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్లకి నాలుగు కిటికీలున్నాయి. అయిదోది ఎందుకు లేదని నన్నడిగి లాభం లేదు. అక్కడికి గోడ అయిపోయింది.

కాలేజీ కాకముందు అది కల్యాణ మండపం. ఊరి చివర ఏసీ మండపం వెలిశాక దీనికి పెళ్ళిళ్ళు రావడం తగ్గి, చదువు వచ్చి పడింది. భోజనాల హాలు క్లాసురూమైంది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గది ప్రిన్సిపాల్ డాక్టర్ గుణేశ్వరరావుగారి ఆఫీసైంది. ఆ గదికి మూడు వైపులా నిలువుటద్దాలు అలాగే ఉండిపోయాయి. అందుచేత ఆయన ఏ నిర్ణయం తీసుకుని తలాడించినా, గదిలో అందరూ ఆమోదిస్తున్నట్టే కనిపిస్తుంది.

విద్యార్థులు నాలుగు రకాలన్నది ఆయన సిద్ధాంతం. ఒకటో కిటికీ చదువు మధ్యలో మానేసినవారికి. కాలేజీ పెట్టిందే వాళ్ళకోసం కాబట్టి సీట్లన్నీ అక్కడే ఉంటాయి. రెండోది వేరే కాలేజీలోంచి మారేవారికి. మూడోది విదేశీ విద్యార్థులకి. ఇంతవరకూ ఒక్క విదేశీయుడూ మా ఊరి బస్సు దిగలేదు, అయినా ఆ కిటికీ రోజూ పదింటికి తెరుస్తాం, అయిదింటికి మూస్తాం. నాలుగోది అతిథి విద్యార్థులకి. వాళ్ళు ఊరికే విని వెళ్ళిపోవచ్చు. వాళ్ళకి కుర్చీ ఉంటుంది, సర్టిఫికెట్ ఉండదు.

ఈ నాలుగింటికీ నేను సూపరింటెండెంటుని. లోపల ఒక్కటే బల్ల, దానికి చక్రాల కుర్చీ ఒకటి. ఏ కిటికీ దగ్గర మనిషి కనబడితే అక్కడికి దొర్లుతాను. ఏ కిటికీలో అడిగిన సంగతి ఆ కిటికీదే. పక్క కిటికీలో మీరు నాతోనే మాట్లాడారని చెప్పి చనువు తీసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

జూన్‌లో ఓ రోజు నూకరత్నం ఒకటో కిటికీ దగ్గరికి వచ్చింది. నలభయ్యేళ్ళుంటాయి. కొంగు బొడ్లో దోపి, పని మధ్యలోంచి వచ్చిన మనిషిలా ఉంది.

"నమస్కారవండి. నా పేరు నూకరత్నం అండి. బస్టాండు యెనకాల ఈరభద్రం డాట్రుగారి ఆసుపత్రి ఉంది గదండి, అందులో ఆయాగా సేత్తన్నానండి. తవరికాడ రోగుల్ని సూసుకునే కోర్సుందంట. సేరదావని వచ్చానండి."

"దేనికి?"

"రూలు మారిందంటండి. ఉగాదిలోపు ఆ కోర్సులో సేరినట్టు రసీదు సూపించకపోతే ఆయాల్ని పెట్టుకోకూడదంట. డాట్రుగారు మంచోరేనండి, ఆరేం సేత్తారు. ఆ జీతం మీదే నేనూ మా అమ్మా బతకాలండి."

సంగతి అర్థమైంది. నేను కలం మూత తీశాను.

"ఏ తరగతిలో మానేశారు?"

"ఏటి మానెయ్యడవండి?"

"చదువు."

"నేనసలు సేరితే గదండి, మానెయ్యడానికి! బస్సుల మీదా, పాల పేకెట్ల మీదా సూసి కాసిని అచ్చరాలు నేర్సుకున్నానంతే."

నేను కలం మూత పెట్టేశాను. ఇది చదువు మానేసినవారి కిటికీ. మానేసినట్టు సర్టిఫికెట్ తేవాలి. మొదలే పెట్టని మనిషి మానేశానంటే అది అబద్ధం అవుతుంది. రెండో కిటికీకి వెళ్ళమన్నాను. ఆవిడ అటు నడిచింది, నేను ఇటు దొర్లాను.

"ఎవరు మీరు?" అన్నాను.

"అదేటండి బాబూ, ఇప్పుడే గదండి మాట్టాడుకున్నాం!"

"అది ఒకటో కిటికీ. మీరు ఏ కాలేజీ నుంచి మారుతున్నారు?"

ఏ కాలేజీ నుంచీ కాదు. మూడో కిటికీకి దొర్లాను. విదేశీయులా అని అడిగాను. "మాది లంకండి, పడవలో ఏరు దాటి రావాలి. పనికొత్తాదాండి?" అంది. పనికిరాదు. నాలుగో కిటికీలో కుర్చీ ఇస్తానన్నాను. ఊరికే కూర్చుని వినొచ్చు.

"యినడానికైతే ఆసుపత్రిలో బోల్డంత యింటన్నానండి. మూలుగులూ అయ్యే, తిట్లూ అయ్యే. నాకు కాయితం కావాలండి."

మామూలుగా అయితే పొమ్మనేవాణ్ణి. కానీ ఆవిడ కదల్లేదు. నాలుగో కిటికీ కింద మెట్టు మీద చతికిలబడి, "ఆయ్, ఆలోచించుకోండి. మజ్జానం దాకా నాకు డూటీ లేదు" అంది. నాకు చిరాకేసి ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన అంతా విని కళ్ళు మూసుకున్నారు. అద్దాల్లోనూ మూసుకున్నారు.

"సూపరింటెండెంటుగారూ," అన్నారు చివరికి, "సదరు అభ్యర్థిని చదువు మానివేయకపోవుట ఆమె లోపం కాదు. మానివేసే అవకాశాన్ని సమాజం ఆమెకు కల్పించలేదు. ఆ చారిత్రక లోటును భర్తీ చేయవలసిన బాధ్యత మన సంస్థపై ఉన్నది."

ఆ సాయంత్రానికల్లా మానివేత పూర్వ శిక్షణ కోర్సు మంజూరైంది. ఎన్నడూ చదవనివారు ముందు అందులో చేరతారు. అందులోంచి మానేస్తారు. మానేసినట్టు సర్టిఫికెట్ తీసుకుని ఒకటో కిటికీకి వస్తారు. ఇంత సులువైన మార్గం ఎవరికీ తట్టనందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"అయితే యియ్యాల సేరి రేపు మానేత్తే సరిపోద్దాండి?" అని నూకరత్నం అడిగింది.

చూశారా! నిబంధనలంటే జనానికి ఇంత తేలిక. చేరిన మర్నాడే రాకపోతే దాన్ని గైర్హాజరు అంటారు. మానివేత అనరు. దేన్నయినా మానాలంటే ముందు అది అలవాటు కావాలి. అందుకని డెబ్బై అయిదు శాతం హాజరు తప్పనిసరి చేశాం.

"అంటే మానెయ్యడానికి రోజూ రావాలాండి?"

"రాకపోతే మానేసినట్టు ఎలా అవుతుందమ్మా? రానట్టు అవుతుంది."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "అలాగేనండి" అంది. రోగుల్ని చూసుకునేవాళ్ళకి ఓపిక ఎక్కువ.

పాఠ్య ప్రణాళిక స్వయంగా ప్రిన్సిపాల్‌గారే రాశారు. మన దేశంలో జనం చదువు ఎందుకు మానేస్తారో ఆ కారణాలన్నీ పేపర్లయ్యాయి. మొదటి పేపరు ఇంటి పనులు, రెండోది దూరాభారం, మూడోది ఉపాధ్యాయుని భయం. తెలుగు రాయడం, చదవడం కూడా పెట్టాం. కారణం అర్జీగా రాసుకోలేనివాడు సక్రమంగా మానేయలేడు కదా.

దూరాభారానికి ప్రాక్టికల్స్ పెట్టినప్పుడు ఒక చిక్కొచ్చింది. చేరినవాళ్ళలో కాలేజీ పక్క సందులో ఉండేవాళ్ళకి దూరం ఎక్కడిది? వాళ్ళని మండపం చుట్టూ ప్రదక్షిణాలు చేయించి, ఆయాసం వచ్చాక లోపలికి రానిచ్చాం. ఉపాధ్యాయుని భయానికి రిటైరైన డ్రిల్లు మాస్టారు సూర్యచక్రంగారిని పిలిపించాం. సర్వీసులో ఉండగా ఆయన ఈల వింటే పిల్లలు గోడ దూకేవారట. ఆయన బెత్తం ఝళిపిస్తూ భోజనాల హాల్లోకి వచ్చి, అందరికంటే ముందు కూర్చున్న నూకరత్నం మీద గట్టిగా అరిచారు.

ఆవిడ లేచి నిలబడింది. "మాస్టారండీ, అలా అరవకండి, మెడ నరాలు పొంగుతున్నాయి. బీపీ బిళ్ళ ఏసుకున్నారాండి పొద్దున్న?"

వేసుకోలేదట. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, బెత్తంతో విసిరింది. బెత్తంతో గాలి రాదని తెలిశాక కొంగుతో విసిరింది. ఆ పేపర్లో ఆవిడకి భయం మార్కులు తక్కువొచ్చాయి. తక్కినవాటిలో మాత్రం ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

ఈలోగా కోర్సు గురించి జిల్లా అంతా తెలిసిపోయింది. మానేసినవారికే సీట్లంటే ఊరుకుంటారా! డిగ్రీలు చదివినవాళ్ళు కూడా ఆ సంగతి దాచిపెట్టి, పలక పట్టుకుని వచ్చారు. రథం బజార్లో కోచింగ్ సెంటరు వెలిసింది. దాని గోడమీద పెద్ద ఫ్లెక్సీ, దాన్నిండా కుర్రాళ్ళ ఫొటోలు, "మానివేతలో రాష్ట్రానికే మేటి" అని అక్షరాలు. అప్పటికింకా ఒక్క పరీక్షా జరగలేదు. తెల్లారుజామున మొదలుపెట్టి చీకటిపడేదాకా మానెయ్యడం నేర్పేవారు. సెలవులడిగితే తల్లిదండ్రుల్ని పిలిపించేవారు. మధ్యలో మానేస్తామన్న పిల్లల్ని మాత్రం కదలనిచ్చేవారు కాదు.

నూకరత్నం ఏ కోచింగుకీ వెళ్ళలేదు. పొద్దున్న ఆసుపత్రిలో పక్క గుడ్డలు మార్చి, మధ్యాహ్నం క్లాసుకొచ్చి, సాయంత్రం మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తేది. దసరా నాటికి మందు సీసాల మీది పేర్లు కూడబలుక్కుని చదివేది. సంక్రాంతి దాటాక కూడబలుక్కోవడం పోయింది. ఒకసారి ఒకటో కిటికీ మీద నేనే రాసిన బోర్డు చదివి, "సూపరెంటుగారండీ, మానివేసిన అన్నదాంట్లో వే యిరిగిపోయిందండి" అని చెప్పింది. నిజమే, ఎండకి పెచ్చు లేచింది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం ఏ కిటికీ పరిధిలోకి వస్తుందో తెలియలేదు.

పరీక్షలయ్యాయి. నూకరత్నానికి ఫస్టు ర్యాంకు. ఇంత బాగా చదివే మనిషి ఎందుకు మానేయాలన్న ఆక్షేపణ ఒకటి వచ్చింది గానీ, ప్రిన్సిపాల్‌గారు సర్టిఫికెట్ మీద "తీవ్ర విచారముతో మానివేయుటకు అనుమతించడమైనది" అని రాసి గండం గట్టెక్కించారు.

మానివేతోత్సవం ఉగాదికి రెండు రోజుల ముందు పెళ్ళి వేదిక మీదే చేశాం. మండపానికి పాత అలవాటు పోతుందా! సన్నాయివాళ్ళు ఎవరూ చెప్పకుండానే వచ్చి అప్పగింతల పాట అందుకున్నారు. అది వినగానే సూర్యచక్రం మాస్టారు భోరుమన్నారు. నూకరత్నాన్ని పట్టుకుని, "వేళకి తింటూ ఉండమ్మా" అన్నారు. పూలు చల్లి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, ఆవిణ్ణి గేటు దాటించి, శాస్త్రోక్తంగా గేటు మూశాం.

మర్నాడు పదింటికి ఒకటో కిటికీ తెరిచేసరికి నూకరత్నం నవ్వుతూ నిలబడి ఉంది. సర్టిఫికెట్ ముందుకు తోసింది. "మానేశానండి! ఇంక సేర్సుకోండి."

నాకూ నవ్వొచ్చింది. రసీదు పుస్తకం తెరిచి, స్టాంపుని ప్యాడ్ మీద అద్దాను. వెనక నుంచి కేకొచ్చింది.

"ఆగండి!"

ప్రిన్సిపాల్‌గారు అద్దంలో చూశారట. ముస్తాబు గదిలోంచి అంత వేగంగా ఎవరూ బయటికి రావడం ఆ మండపంలో నేను చూడలేదు.

"మానివేసిన వ్యక్తి కాలేజీ ఆవరణలో ఎలా ఉన్నారు?"

"చేరడానికి వచ్చారండి" అన్నాను.

"మానివేయుట అనగా రాకపోవుట. వచ్చినచో మానివేయనట్టే. మానివేయనిచో ఈ సర్టిఫికెట్ చెల్లదు. సర్టిఫికెట్ చెల్లనిచో ఒకటో కిటికీలో ప్రవేశమునకు అర్హత లేదు."

నేను ఆలోచించాను. ఎక్కడా లొసుగు లేదు. స్టాంపు మీద సిరా ఆరిపోతోంది.

"రాకపోతే ఎలా సేరతానండి?" అంది నూకరత్నం.

"అది అభ్యర్థుల వ్యక్తిగత పరిధిలోని అంశం."

ఆవిడ నవ్వు పోయింది. మెట్టు మీద చతికిలబడింది. జూన్‌లో కూర్చున్నట్టు మొండిగా కాదు.

"రేపు ఉగాదండి. రసీదు లేకపోతే ఎల్లుండి నన్ను రావద్దంటారు. ఈ మెట్లు ఎక్కలేక ఎక్కలేక ఎక్కానండి, మానెయ్యడానికి! డూటీకీ డూటీకీ మజ్జిన అన్నం తినకుండా వచ్చానండి. మా అమ్మకి మందులెవరు కొంటారు? మీ అద్దాలు కొంటాయాండి?"

నేను సిరా ప్యాడ్‌కి మూత పెట్టాను. బయట కాబట్టి అద్దాలు లేవు, ఎటు చూడాలో ప్రిన్సిపాల్‌గారికి తెలియలేదు.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"ఒక్కటడుగుతానండి. నేను కాలేజీకి రాకూడదు. అంతే గదండి?"

"అంతే."

"కాలేజీ నాకాడికి రాకూడదని రాశారాండి ఎక్కడన్నా?"

నిబంధనలన్నీ తిరగేశాను. లేదు. ప్రిన్సిపాల్‌గారు గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు. బయటికొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. అద్దాలన్నీ ఒప్పుకున్నాయన్నమాట.

"విస్తరణ సేవలు!" అన్నారు. "ఒకటో నంబరు కిటికీ తక్షణమే అభ్యర్థిని పనిచేయు స్థలమునకు తరలించబడును. తరగతులు కూడా అచ్చటనే నిర్వహించబడును. సూపరింటెండెంటుగారు కిటికీతో పాటు బయలుదేరవలెను."

కిటికీ లేకుండా రసీదు ఇస్తే చెల్లదు కాబట్టి వడ్రంగిని పిలిచి చట్రంతో సహా ఊడదీయించాం. ఆవిడ ముందు ఆసుపత్రికి పరిగెత్తింది. నేను ఆటోలో వెనకసీట్లో కూర్చుని, కిటికీ ఒళ్ళో పెట్టుకుని, చువ్వల్లోంచి ఊరంతా చూసుకుంటూ వెళ్ళాను. ఊరంతా కూడా నన్ను చూసింది.

ఆసుపత్రి గేటు దగ్గర అప్పలకొండ అనే వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"పేషెంటాండి?"

"కాదు."

"పేషెంటు తాలూకా?"

"కాదు."

"సూడ్డానికొచ్చిన చుట్టాలైతే సాయంత్రం రావాలండి."

"నేను చుట్టాన్ని కాదయ్యా. అడ్మిషన్ల సూపరింటెండెంటుని. అధికారిక పని మీద వచ్చాను."

అప్పలకొండ గేటుకి వేలాడుతున్న బోర్డుని పైనుంచి కిందకి చూశాడు. "ఆ రకం లేదండి ఇందులో. మూడే రకాలు."

"మూడే ఉంటే? మనుషులందరూ మూడు రకాల్లోనే ఉంటారా? నాలాంటివాడొస్తే ఏం చేస్తారు?"

"లోపలికి పంపించవండి. రూలండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత తలకుమాసిన రూలు నా సర్వీసులో నేనెక్కడా చూడలేదు. మనిషి ఎదురుగా నిలబడి పని చెబుతుంటే వినకుండా ఏ రకం, ఏ రకం అంటాడేమిటి! అదే మాట గట్టిగా అన్నాను. అప్పలకొండ బెంచీ చూపించి, కూర్చుని ఆలోచించుకోమన్నాడు. కాలేజీ అయిదింటికి మూసేస్తారు. ఆ తర్వాత ఇచ్చిన రసీదుకి విలువ లేదు. నేను కిటికీ పట్టుకుని ఎండలో కూర్చున్నాను.

ఎంతసేపటికీ నేను రాకపోయేసరికి నూకరత్నమే గేటు దగ్గరికి వచ్చింది. నన్నూ, కిటికీనీ, కర్రనీ చూసింది. ఆవిడకి ఇట్టే తెలిసిపోయింది.

"అప్పలకొండగారూ, ఈరు మా పేషెంటేనండి."

"ఏటి జబ్బు?"

"ఎండలో కిటికీ కావలించుకుని కూకున్నారు. ఇంకా ఏటి సెప్పమంటారండి?"

అప్పలకొండ నన్ను జాలిగా చూసి కర్ర తీసేశాడు. "పాపం, సూత్తే సదూకున్నోరిలా ఉన్నారు" అన్నాడు.

నేను ఖండించబోయాను. ఖండిస్తే మళ్ళీ బెంచీయే గతి. స్ట్రెచరు తెచ్చారు, పడుకున్నాను. కిటికీ నా పొట్ట మీద నిలబెట్టారు. వార్డులో అటుపక్క నూకరత్నం నిలబడింది, ఇటుపక్క పడుకుని నేను రసీదు రాశాను. చువ్వల్లోంచి సర్టిఫికెట్ తీసుకుని, చువ్వల్లోంచి రసీదు అందించాను. స్టాంపు గట్టిగా పడింది. ఇంతవరకూ నా సర్వీసులో ఏ రసీదు మీదా నేనంత గట్టిగా కొట్టలేదు.

అప్పుడే వీరభద్రం డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. నూకరత్నం రసీదు చూపించింది. ఆయన చదివి, "హమ్మయ్య! ఇంక నీ ఉద్యోగానికి ఢోకా లేదు నూకరత్నం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. కిటికీలోంచి నా నాడి పట్టుకున్నారు.

"ఈయనకి ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"కిటికీలు నాలుగెట్టిన కాణ్ణించండి" అంది నూకరత్నం.

డాక్టరుగారు ఉగాది వెళ్ళేదాకా ఉంచమని చెప్పి వెళ్ళిపోయారు. నేను లేచి కూర్చోబోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా పడుకోబెట్టింది.

"తరగతులు ఇక్కడే అన్నారు గదండి ప్రిన్సిపాల్‌గారు. మొదటి పాఠం జొరం సూడ్డవంట. మీరుండగా యింకో పేషెంటెందుకు?"

ప్రాక్టికల్స్‌కి ముందు థియరీ పూర్తి కావాలన్న నిబంధన ఆవిడకి చెప్పాలి. చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అందులో థర్మామీటరు పెట్టింది.

"ఇంక కాసేపు నోరు మూసుకోవాలండి, ఆయ్."